తెర మీద 'అమ్మ' రాయాలంటే: సీపీ/ఎం, డాస్, మ్యాక్, అమీగాల్లో దేన్ని ఎంచుకోవాలి?

పాత కంప్యూటర్లకు ఇప్పుడు సరదాగా ప్రోగ్రాములు రాద్దామనుకునేవాళ్లు ముందుగా వెతికేది పోలిక పట్టిక. ఏ ప్రాసెసర్, ఎంత మెమరీ, ఎన్ని రంగులు. 1985లో డబ్బు పోసి పెట్టె కొనేవాడికి ఆ పట్టిక అవసరమే. ఇవాళ అవన్నీ మన ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ల (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాముల) రూపంలో నడిచిపోతున్నాయి కనుక ఆ లెక్కలతో మనకు పెద్దగా పనిలేదు. నేనైతే ఒక్క ప్రశ్న వేసుకుంటాను: ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు తెర ఎవరి చేతిలో ఉంటుంది? అది తేలితే మిగతా తేడాలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

పరీక్షకు చిన్న పని పెట్టుకుందాం. తెర మీద 'అమ్మ' అని తెలుగులో కనిపించాలి. రెండే అక్షరాలు. కాకపోతే 'అ' ఇంగ్లిషు అక్షరాలకంటే వెడల్పు, 'మ్మ'కి కింద ఒత్తు. 'హలో వరల్డ్' రాస్తే అన్ని సిస్టాలూ ఒకేలా కనిపిస్తాయి. 'అమ్మ' రాయబోతే దేని గుట్టు అది బయటపెడుతుంది.

ఆపిల్ 2, కమొడోర్ 64 లాంటివి ఈ పోలికలోకి తేలేదు. వాటిలో వాడేవాడికి ఎదురయ్యేది దాదాపుగా బేసిక్ భాషే, ఆపరేటింగ్ సిస్టం అంటూ విడిగా తెలిసేది తక్కువ. అవి వేరే కథ.

సీపీ/ఎం: తెర ఎక్కడో ఉంటుంది

పేరు వినగానే ఎర్రజెండా గుర్తొస్తే తప్పు మీది కాదు. దీనికి మధ్యలో గీత ఉంటుంది, 'కంట్రోల్ ప్రోగ్రాం ఫర్ మైక్రోకంప్యూటర్స్' అని. 1974లో గ్యారీ కిల్డాల్ దీన్ని ఇంటెల్ 8080 ప్రాసెసర్ కోసం రాశాడు. భార్య డొరతీతో కలిసి డిజిటల్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టి, కాలిఫోర్నియాలోని పసిఫిక్ గ్రోవ్ నుంచి అమ్మాడు.

అసెంబ్లీ (ప్రాసెసర్ ఆదేశాలతోనే రాసే భాష) ముక్క కూడా రానివాళ్లు మొదలుపెట్టడానికి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. కారణం సైజు. 1979లో వచ్చిన 2.2 వెర్షన్‌లో కమాండ్లు చదివే భాగం 2 కిలోబైట్లు, ఫైళ్లనూ కీబోర్డునూ చూసుకునే బీడాస్ 3.5 కిలోబైట్లు. యంత్రాన్ని బట్టి మారే బయోస్ వాటి పక్కన ఇంకాస్త. ఓపిక ఉంటే కొన్ని వారాల్లో మొత్తం చదివేయొచ్చు. మీ ప్రోగ్రాం ఎప్పుడూ హెక్స్ (పదహారు అంకెల లెక్క) 100 అడ్రసులోనే మొదలవుతుంది. కమాండు తర్వాత టైప్ చేసినదంతా హెక్స్ 80 దగ్గర సిద్ధంగా ఉంటుంది. సిస్టంతో ఏ పని ఉన్నా దారి ఒక్కటే: ఆ పని నంబరు ప్రాసెసర్ లోపలి చిన్న అర అయిన 'సీ' రిజిస్టర్‌లో, సమాచారం ఉన్న అడ్రసు 'డీఈ' రిజిస్టర్ల జంటలో పెట్టి, 5వ అడ్రసును కాల్ చేయడం.

వాక్యం చూపించే పని నంబరు 9. వాక్యం ఎక్కడ ముగిసిందో దానికి తెలిసేది చివర డాలర్ గుర్తు ఉంటేనే. మొదటిసారి నేను ఆ గుర్తు పెట్టడం మర్చిపోయాను. నా వాక్యం వచ్చింది, దాని వెనకాలే మెమరీలో ఉన్న చెత్తంతా వచ్చింది, మధ్యమధ్యలో బీప్ కూడా కొట్టింది. ఎక్కడో ఒక డాలర్ గుర్తు తగిలాకే ఆగింది. మెమరీ అంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ రోజే.

ఇక తెర సంగతి. చాలా సీపీ/ఎం యంత్రాలకు తెర విడి పెట్టె, సీరియల్ తీగతో తగిలించిన టెర్మినల్. సిస్టం ఆ తీగలోకి ఒక్కో బైటు తోసి చేతులు దులుపుకుంటుంది. అవతల ఏం కనిపించిందో దానికి తెలియదు, అడిగే దారీ లేదు. తెర తుడవమని చెప్పే కాల్ కూడా లేదు! ఏడీఎం-3ఏ టెర్మినల్‌కి కంట్రోల్-జెడ్ పంపితే తెర తుడుచుకుంటుంది, వీటీ52కి ఎస్కేప్‌తో మొదలయ్యే వేరే సంకేతాలు పంపాలి. ఒస్బోర్న్ 1 లాంటి మోసుకెళ్లే పెట్టెల్లో తెర లోపలే ఉన్నా, ఒకసారికి కనిపించేది 52 అక్షరాల వెడల్పు. అందుకే వర్డ్‌స్టార్, టర్బో పాస్కల్ లాంటివి కొనగానే ముందు ఇన్‌స్టాల్ ప్రోగ్రాం నడిపి 'నా టెర్మినల్ ఫలానా' అని చెప్పుకోవాల్సి వచ్చేది. మీరు రాసే ప్రోగ్రాంలో కూడా ఆ సంకేతాలన్నీ ఒకచోట విడిగా పెట్టుకోండి, లేకపోతే పక్కవాడి యంత్రంలో అంతా పిచ్చిగీతలే.

'అమ్మ' సంగతంటారా, కుదరదు. అక్షరాల రూపం టెర్మినల్ లోపల చెరపడానికి వీల్లేని మెమరీ అయిన రోమ్‌లో ఉంటుంది, దాన్ని మార్చే అధికారం సీపీ/ఎంకి లేదు. చుక్కలుగా స్టార్ గుర్తులు పేర్చి పెద్ద 'అ' బొమ్మ గీయొచ్చు, అంతవరకే.

పనిముట్లకు కొదవలేదు. సిస్టంతోపాటే అసెంబ్లర్, డీడీటీ అనే డీబగ్గర్ వచ్చేవి. 1983లో 49.95 డాలర్లకు బోర్లాండ్ అమ్మిన టర్బో పాస్కల్ దీని మీద కూడా నడుస్తుంది. జెడ్80ప్యాక్, రన్‌సీపీఎం అనే ఎమ్యులేటర్లు ఉచితం. రెండోది ఈఎస్‌పీ32 అనే చిన్న చవక బోర్డు మీద కూడా నడుస్తుంది, అంటే కొన్ని వందల రూపాయలకు అరచేతిలో సీపీ/ఎం యంత్రం.

డాస్: తెర మీద ఎవరి చెయ్యి పడితే వారిదే

సీపీ/ఎం నేర్చుకుని డాస్‌లోకి వస్తే పుట్టింటి సామాను పక్కింట్లో కనిపించినట్టు ఉంటుంది. సియాటిల్ కంప్యూటర్ ప్రోడక్ట్స్‌లో టిమ్ ప్యాటర్సన్ 1980లో 8086 కోసం రాసిన సిస్టం ఇది. 8080 ప్రోగ్రాములను తేలిగ్గా మార్చుకోవడానికి వీలుగా కాల్స్‌ని సీపీ/ఎం తరహాలోనే ఉంచాడు. 1981లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనుక్కుంది, ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చింది. వాక్యం చూపించే పని నంబరు ఇక్కడా 9, చివర డాలర్ గుర్తు ఇక్కడా తప్పదు. కమాండు తర్వాతి మాటలు ఇక్కడా ప్రోగ్రాం సెగ్మెంట్లో (మెమరీలో దానికిచ్చిన ముక్కలో) హెక్స్ 80 దగ్గరే. 5వ అడ్రసుకి కాల్ బదులు ఇంటరప్ట్ 21 హెక్స్ (సిస్టంని పిలిచే ప్రాసెసర్ ఆదేశం) అనడమే మార్పు. 1983లో వచ్చిన 2.0 వెర్షన్ ఫోల్డర్లనూ, యూనిక్స్ తరహా ఫైల్ హ్యాండిళ్లనూ తెచ్చింది. కొత్తగా రాసేవాళ్లు పాత ఫైల్ కంట్రోల్ బ్లాక్ కాల్స్ జోలికి పోనక్కర్లేదు, హ్యాండిళ్లు చాలు.

అసలు తేడా తెర దగ్గర. పీసీలో రంగుల టెక్స్ట్ తెర అంటే బీ800 సెగ్మెంట్ దగ్గర ఉన్న మెమరీ ముక్క. అడ్డంగా 80, నిలువునా 25, ఒక్కో గడికి రెండు బైట్లు: ఒకటి అక్షరం, ఇంకోటి రంగు. మొత్తం 4000 బైట్లు. అక్కడ ఒక బైటు రాస్తే ఆ క్షణమే తెర మీద కనిపిస్తుంది. డాస్‌ని అడిగితే నెమ్మది, బయోస్‌ని అడిగితే కాస్త నయం, నేరుగా రాస్తే మెరుపు. ఎవరు మాత్రం అడుగుతారు? 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే లెక్కల పట్టికల ప్రోగ్రాం నేరుగా తెర మెమరీలోకే రాసేది. దాంతో డాస్ నడిచినా లోపలి అమరిక ఐబీఎంలా లేని యంత్రాల మీద అది నడవలేదు. అలాంటి యంత్రాలు క్రమంగా బజారులోంచే పోయాయి. ఆపరేటింగ్ సిస్టం కింద ఉన్న ఇనుమే ప్రమాణంగా మారిపోయిందన్నమాట. డాస్ ప్రోగ్రామింగ్ మొత్తానికి కీలకం ఇదేనని నాకనిపిస్తుంది. మీరు నేర్చుకునేది డాస్ కంటే ఎక్కువగా పీసీనే.

మన దగ్గర చాలామందికి ఇది తెలియకుండానే తెలుసు. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో టర్బో సీ నీలం తెర చూడని తరం లేదు. ప్రోగ్రాం మొదట్లో క్లియర్ స్క్రీన్, చివర్లో గెట్‌చ్ మంత్రంలా రాశాం. గెట్‌చ్ ఎందుకని అడిగితే 'అవుట్‌పుట్ కనిపించాలి కదా' అనేవారు. నిజమే, ప్రోగ్రాం అయిపోగానే ఎడిటర్ మళ్లీ తెరనంతా ఆక్రమించేసేది, అక్కడ తెర ఒక్కటే మరి. ఇంకో సంగతి ల్యాబులో ఎవరూ చెప్పలేదు. ప్రింట్‌ఎఫ్ రాస్తే అక్షరాలు డాస్ మీదుగా వెళ్తాయి. సీప్రింట్‌ఎఫ్ రాస్తే నేరుగా వీడియో మెమరీలోకి. డైరెక్ట్‌వీడియో అనే వేరియబుల్‌ని సున్నా చేస్తే సీప్రింట్‌ఎఫ్ కూడా బయోస్ దారి పడుతుంది. రెండింటితో వెయ్యి లైన్లు రాయించి చూడండి, తేడా కంటికే తెలుస్తుంది.

చివర్లో వచ్చే 'నల్ పాయింటర్ అసైన్‌మెంట్' అనే మందలింపు గుర్తుందా? డేటా సెగ్మెంట్ మొదట్లో టర్బో సీ తన కాపీరైట్ వాక్యాన్ని దాచుకుంటుంది. ప్రోగ్రాం ముగిసేటప్పుడు అది చెక్కుచెదరకుండా ఉందో లేదో చూస్తుంది. చెదిరితే మీరు సున్నా అడ్రసులో ఏదో రాశారని అర్థం. అది స్మాల్ మోడల్‌లో, అంటే కోడుకొక సెగ్మెంటు, డేటాకొక సెగ్మెంటు మాత్రమే ఉండే అమరికలో. లార్జ్ మోడల్‌లో అదే తప్పు చేస్తే మెమరీ మొదటి 1024 బైట్లలో ఉన్న ఇంటరప్ట్ పట్టిక చెడుతుంది. యంత్రం బిగుసుకుపోతే రీసెట్ బటనే దిక్కు.

డాస్‌లో నాకు నచ్చనిది సెగ్మెంట్ల గోల. సెగ్మెంట్‌ని పదహారుతో హెచ్చించి ఆఫ్‌సెట్ కలిపితే అసలు అడ్రసు. దీనివల్ల ఒకే చోటుని 4096 రకాలుగా రాయొచ్చు, సెగ్మెంట్, ఆఫ్‌సెట్ రెండూ ఉండే ఫార్ పాయింటర్లు రెండు ఒకే చోటు చూపిస్తున్నా పోలిస్తే సమానం కావు. టర్బో సీలో ఆరు మెమరీ మోడళ్లు ఈ తలనొప్పికి మందులే. నా సలహా: స్మాల్ మోడల్ దాటకండి. కోడుకి 64 కిలోబైట్లు, డేటాకి 64 కిలోబైట్లు అభిరుచి ప్రోగ్రాముకి చాలా ఎక్కువ. డాస్ ప్రోగ్రాములకు అడ్డొచ్చే 640 కిలోబైట్ల గోడ గురించి బెంగ పెట్టుకునే రోజు వస్తే అప్పుడు డీజేజీపీపీ అనే కంపైలర్‌తో 32 బిట్లలోకి వెళ్లొచ్చు.

మరి 'అమ్మ'? డాస్‌లో కుదురుతుంది, అది కూడా రెండు దారుల్లో. వీజీఏ అనే తెర కార్డు ఉంటే ఇంటరప్ట్ 10 హెక్స్‌లో 11 హెక్స్ పని ద్వారా మన సొంత అక్షర రూపాలు ఎక్కించొచ్చు. ఒక్కో గడి 8 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు. 'అ' ఒక గడిలో పట్టదు, రెండు గడులకు చీల్చాలి. ఇక్కడో తిరకాసు ఉంది. వీజీఏ తెర మీద ఒక్కో గడికి తొమ్మిదో చుక్క కూడా ఉంటుంది, అది మామూలుగా ఖాళీ. దాంతో మీ 'అ' మధ్యలో సన్నని చీలిక. పెట్టెల గీతలు కలవాలని 192 నుంచి 223 దాకా ఉన్న కోడ్‌లకు మాత్రం ఎనిమిదో చుక్కనే తొమ్మిదోదిగా మళ్లీ గీస్తుంది. ఎడమ ముక్కని ఆ కోడ్‌లలో పెడితే చీలిక మాయం. ఒత్తు కోసం 16 చుక్కల ఎత్తులో కింద నాలుగైదు వరుసలు వదులుకోవాలి, 'మ' కాస్త పొట్టిదవుతుంది. రెండో దారి హెక్స్ 13 గ్రాఫిక్స్ మోడ్: 320 అడ్డం, 200 నిలువు, 256 రంగులు, చుక్కకో బైటు చొప్పున ఏ000 సెగ్మెంట్లో 64,000 బైట్లు. అక్కడ గడులే లేవు, చుక్క చుక్క మీదే.

మన దేశంలో ఈ చిక్కుకి అప్పట్లోనే ఇంకో పరిష్కారం ఉండేది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై సీడాక్‌లో పెరిగిన జిస్ట్ కార్డుని పీసీ స్లాటులో బిగిస్తే టెక్స్ట్ మోడ్ ప్రోగ్రాముల్లోనే తెలుగు, హిందీ వగైరా లిపులు కనిపించేవి. 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో బైటు పైసగం, అంటే 128కి పైనున్న కోడ్‌లు, భారతీయ అక్షరాలకు. ఒత్తులూ గుణింతాలూ పేర్చే పని కార్డుది, ప్రోగ్రాము రాసేవాడికి ఆ బాధ లేదు.

డాస్‌కి పనిముట్లు కుప్పలు. ఓపెన్ వాట్‌కామ్ కంపైలర్, నాస్మ్ అసెంబ్లర్ ఉచితం. నడపడానికి డాస్‌బాక్స్ ఉంది, అసలు డాసే కావాలంటే జిమ్ హాల్ 1994లో మొదలుపెట్టిన ఫ్రీడాస్. మైక్రోసాఫ్ట్ 2024లో ఎంఎస్-డాస్ 4.00 సోర్సుని ఎంఐటీ లైసెన్సుతో బయటపెట్టింది, కాబట్టి లోపల ఏం జరుగుతుందో ఊహించనక్కర్లేదు, చదవొచ్చు.

మ్యాకింటాష్, అమీగా: ఒకే ప్రాసెసర్, రెండు స్వభావాలు

రెండింటికీ గుండె మోటరోలా 68000. సెగ్మెంట్లు లేవు, రిజిస్టర్లు ధారాళం, అసెంబ్లీ హాయిగా ఉంటుంది. పోలిక అక్కడితో సరి.

1984 జనవరిలో వచ్చిన మ్యాక్‌లో 128 కిలోబైట్ల ర్యామ్, 64 కిలోబైట్ల రోమ్. 512 అడ్డం, 342 నిలువు చుక్కల నలుపు-తెలుపు తెరే దాదాపు 22 కిలోబైట్లు మింగేసేది. మొదట్లో దానికి ప్రోగ్రాం రాయాలంటే 1983లో దాదాపు పదివేల డాలర్ల ధరతో వచ్చిన లీసా కంప్యూటర్ కావాలి. ఇవాళ ఆ బాధ లేదు, రెట్రో68 అనే కంపైలర్‌తో మన ల్యాప్‌టాప్‌లోనే కట్టొచ్చు.

ఇక్కడ తెర సిస్టందే. మీ ప్రోగ్రాం ఒక లూపులో కూర్చుని 'ఏమైనా జరిగిందా?' అని అడుగుతూ ఉండాలి. మౌస్ నొక్కారంటే ఎక్కడ నొక్కారో సిస్టంనే అడిగి తెలుసుకుని, మెనూ అయితే ఒకలా, కిటికీ (విండో) అంచు అయితే ఇంకోలా పని అప్పజెప్పాలి. పైనున్న కిటికీ జరిగిందా, 'నీ కిటికీలో ఈ ముక్క మళ్లీ గీయి' అని కబురొస్తుంది. గీసిందాన్ని సిస్టం గుర్తుపెట్టుకోదు. డాస్ నుంచి వచ్చినవాడికి మొదటి నెలంతా ఇది ఉక్కపోతలా ఉంటుంది. ఇవాళ్టి ఫోన్ యాప్‌లు రాసేవాళ్లకు మాత్రం ఇదే ఇల్లు.

ఇంకో అలవాటు హ్యాండిల్. మెమరీ తక్కువ కదా, ఖాళీలు పూడ్చడానికి సిస్టం మీ డేటాని అటూ ఇటూ జరుపుతుంది. అందుకని మీకిచ్చేది పాయింటర్‌కి పాయింటర్. లోపలి పాయింటర్‌ని పట్టుకుని కూర్చుంటే ఏదో ఒక కాల్ తర్వాత అది చెత్తని చూపిస్తుంది. ఈ తప్పు వెంటనే బయటపడదు, పదిసార్లు బాగా నడిచి పదకొండోసారి బాంబు బొమ్మ వస్తుంది. అక్షరాల వరసలు పాస్కల్ తరహా, మొదటి బైటు పొడవు, 255 దాటవు.

కానీ 'అమ్మ' పరీక్షలో మ్యాక్‌దే మొదటి స్థానం. తెర మీద గీసే పనంతా చూసే భాగం, బిల్ ఆట్కిన్సన్ రాసిన క్విక్‌డ్రాకి అక్షరం కూడా బొమ్మే. గడులు లేవు, ఒక్కో అక్షరానికి దాని వెడల్పు దానిది. 'అ'ని ఎంత వెడల్పైనా గీసుకోవచ్చు. ఒత్తుకి వెడల్పు సున్నా అని పెట్టి ముందటి అక్షరం కిందకి జరపొచ్చు. ఆ ఫాంటుని రిసోర్సుగా ప్రోగ్రాములోనే పెట్టేస్తే సరి. క్విక్‌డ్రా, మ్యాక్‌పెయింట్ సోర్సు 2010 నుంచి కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం దగ్గర చదువుకోడానికి దొరుకుతోంది. మ్యాక్‌కి రాసినా రాయకపోయినా ఆ కోడు ఒకసారి చూడండి.

1985 జులైలో వచ్చిన అమీగాది ఉమ్మడి కుటుంబం. కార్ల్ సాసెన్‌రాత్ రాసిన ఎగ్జెక్ అనే కెర్నెల్ (సిస్టం నడిబొడ్డు) నిజమైన మల్టీటాస్కింగ్ చేస్తుంది. ఎవరి వంతు అయిపోయిందో తనే చూసి ప్రాసెసర్ లాక్కుని ఇంకొకరికి ఇస్తుంది, అదీ 256 కిలోబైట్ల యంత్రంలో. మెమరీలో గుర్తుపెట్టుకోవాల్సిన స్థిర అడ్రసు ఒక్కటే, 4. అక్కడ ఎగ్జెక్ చిరునామా ఉంటుంది, మిగతా లైబ్రరీలన్నీ దాన్ని అడిగి తెరిపించుకోవాలి. ఇంత అందమైన అమరిక ఆ రోజుల్లో ఇంకో ఇంటి పెట్టెలో నాకు కనిపించలేదు. అయితే గదులకు తలుపుల్లేవు. ఒక ప్రోగ్రాం తప్పు అడ్రసులో రాస్తే పక్కవాళ్లంతా పోతారు, 'గురు మెడిటేషన్' అని ఎర్ర పెట్టె వస్తుంది. తిన్న కంచం ఎవరిది వారే కడగాలి. మీరు తీసుకున్న మెమరీని తిరిగివ్వకుండా ప్రోగ్రాం ముగిస్తే మళ్లీ బూట్ చేసేదాకా అది పోయినట్టే. డాస్, మ్యాక్‌లలో ముగింపులో ఈ బాధ్యత ఇంత కఠినంగా ఉండదు. ఫైళ్లు చూసే భాగం ట్రైపోస్ అనే పాత సిస్టం నుంచి వచ్చింది, బీసీపీఎల్ అనే భాషలో రాసింది. దాని పాయింటర్లను నాలుగుతో హెచ్చిస్తే గానీ అసలు అడ్రసు రాదు. అందమైన ఇంట్లో ఆ ఒక్క గది మాత్రం వాస్తు తప్పింది.

తెర ఇక్కడ పంచుకునేదే, కానీ మర్యాదగా అడిగితే సిస్టం మొత్తం మీకే వదిలేస్తుంది. అప్పుడు కాపర్, బ్లిట్టర్ అనే హార్డ్‌వేరు ముక్కలతో నేరుగా ఆడుకోవచ్చు. ఆటలు రాసినవాళ్లంతా అదే చేశారు. అడక్కుండా లాక్కున్న ఆటల్లో చాలా వరకు తర్వాతి మోడళ్ల మీద తడబడ్డాయి. 'అమ్మ' ఇక్కడా తేలికే, ఫాంటు డిస్కు మీద ఫైలుగా ఉంటుంది.

సరే, ఏది?

అసెంబ్లీ కొత్త, సాయంత్రం గంటే దొరుకుతుంది అంటే సీపీ/ఎం. నెల రోజుల్లో మొత్తం అర్థమైన సిస్టం ఒకటి చేతికొస్తుంది. సీ వచ్చు, ఆట రాయాలనో బొమ్మ గీయాలనో ఉంది అంటే డాస్, హెక్స్ 13 మోడ్. ఏదైనా చిక్కొస్తే జవాబు దొరికే అవకాశం కూడా దీనికే ఎక్కువ. కిటికీలూ మెనూలూ ఎలా పుట్టాయో తెలుసుకోవాలంటే మ్యాక్, కానీ మొదటి నెల విసుగుకి సిద్ధపడండి. అమీగాని మొదటి ఎంపికగా ఎవరికీ చెప్పను. సీ బాగా వచ్చి, ఒకేసారి రెండు మూడు పనులు నడపడంలోని తిప్పలు రుచి చూసినవాళ్లకే దాని గొప్పతనం తెలుస్తుంది. ఆత్రపడి ముందే వెళ్తే గురువుగారి దర్శనమే ఎక్కువవుతుంది.

నన్ను ఒక్కటే చెప్పమంటే: రెండు వారాలు సీపీ/ఎం, ఆ వెంటనే డాస్. కాల్స్ నంబర్లు కూడా చాలావరకు అవే కనుక మొదటిదానికి పెట్టిన శ్రమ వృథా పోదు. ఒక సిస్టం ఇంకోదాన్ని ఎలా అనుకరించిందో, తెర విషయంలో ఎక్కడ వేరే దారి పట్టిందో మీ వేళ్లకే తెలుస్తుంది.

హక్కుల సంగతి కూడా ఎంపికలో లెక్క వేసుకోండి. సీపీ/ఎంని స్వేచ్ఛగా పంచుకోవచ్చని హక్కుదారులు 2022లో స్పష్టం చేశారు. ఫ్రీడాస్‌కి ఏ పేచీ లేదు. మ్యాక్ ఎమ్యులేటర్లకు కావాల్సిన రోమ్ మీద ఆపిల్ హక్కులు అలాగే ఉన్నాయి. అమీగా సిస్టం ఉండే కిక్‌స్టార్ట్ రోమ్‌ని లైసెన్సుతో కొనుక్కోవాలి, లేదంటే అమీగా సిస్టంని అనుకరించే ఏరోస్ వాళ్ల ఉచిత రోమ్‌తో సర్దుకోవాలి.

అసలు పెట్టే కొంటానని పట్టుబడితే, డబ్బు ఇచ్చే ముందు మూత తీయించి మదర్‌బోర్డు మీద బ్యాటరీ చూడండి. అమీగా 2000, 500 ప్లస్ లాంటివాటిలో అది కారి చుట్టూ ఉన్న రాగి గీతల్ని తినేస్తుంది, పాత మ్యాక్‌లలోనూ ఇదే జబ్బు. అమెరికా నుంచి తెప్పించుకునేది 110 వోల్టులదా అని అడగండి. అమీగా అయితే మన టీవీలకు సరిపోయే పాల్ మోడలో కాదో కూడా కనుక్కోండి.